తొమ్మిదో టేబుల్ దగ్గర మాటలు

సినిమావాళ్లు టైలర్ని ఓడ ఎక్కించింది కోట్లు వదులు చేయడానికి. అయిదుగురు ముసలివాళ్లు, అందరూ ఒంటరివాళ్లు, తోడు వెతుక్కుంటూ ఓడలో షికారు బయలుదేరతారు. అదీ సినిమా కథ. నవ్వుల సినిమా. ఆ అయిదుగురికీ తలా మూడు సూట్లు ముందే కుట్టించారు గానీ, కొలతలు తీసిన రోజుకీ షూటింగు మొదలైన రోజుకీ నడుమ ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఆ ఎనిమిది నెలలూ నటులు తిండి మానలేదు. కోట్లకు బొత్తాలు పట్టక, రేవుకు దగ్గర్లో కుట్టు షాపు ఏముందా అని వెతికితే ఈయన దొరికాడు. "పదిహేను కోట్ల పని ఉందండీ" అని ఫోన్లో చెప్పగానే టైలరు గుండె ఒక్క క్షణం ఆగింది. ఆ కోట్లు తొడుక్కునేవని తెలిశాక మళ్లీ మామూలుగా కొట్టుకుంది.

టైలరుకు అరవై ఆరేళ్లు. భార్య పోయి ఆరేళ్లయింది. కింద షాపు, పైన రెండు గదులు. ఒక గదిలో ఆయన, ఇంకో గదిలో బావమరిది, అంటే పోయినావిడ తమ్ముడు. ఆ మనిషి పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లు బట్టల మిల్లులో మగ్గాల మధ్య నిలబడి పనిచేసి సగం చెవుడు తెచ్చుకున్నాడు. ఆ రొదలో మాట వినపడదు కాబట్టి మిల్లువాళ్లంతా పెదాలు చూసి మాట పోల్చుకునేవారు. మిల్లు మూతబడినా ఆ విద్య మాత్రం మిగిలింది. ఎదురు మేడ కిటికీలో మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటుంటే, ఇవతల అరుగు మీద కూర్చుని అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

ఓడంటే ఓడే, అట్టముక్కలతో కట్టింది కాదు. కాకపోతే ఏ కాలంనుంచో రేవులోనే కట్టేసి ఉంది, కదలదు. సముద్రం ఉన్న వైపు సముద్రమే ఉంది, గోదాములున్న వైపు మాత్రం పెద్ద నీలం గుడ్డ కట్టారు. టైలరు మిషన్ని కింది అంతస్తులో ఓ గుండ్రటి కిటికీ పక్కన పెట్టుకుని, రెండు రోజుల్లో పదిహేను కోట్లకీ పక్క కుట్లు విప్పి, లోపల దాచి ఉన్న గుడ్డ బయటికి తీసి, మళ్లీ కుట్టి ఇస్త్రీ చేసి ఇచ్చేశాడు. కత్తెర, సుద్ద, టేపు సర్దుకుని బయలుదేరుతుంటే అసిస్టెంట్ డైరెక్టరమ్మాయి ఎదురొచ్చింది. మెడలో మూడు ఐడీ కార్డుల తాళ్లు, చేతిలో కాయితాలు బిగించిన అట్ట, మొహంలో నిద్రలేమి.

"అంకుల్, మీరు ఖాళీయేనా?"

"పని అయిపోయిందమ్మా."

"అయితే రేపట్నించి మూడు రోజులు రండి. భోజనాల హాల్లో కూర్చోవాలి. వెనకాల కనపడ్డానికి పెద్దవాళ్లు కావాలి. మీ మొహం బావుంది, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది."

తన మొహం అలా ఉంటుందని టైలరుకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. "మా బావమరిది కూడా ఉన్నాడు" అన్నాడు.

"ఆయన్నీ తీసుకురండి" అంది ఆ అమ్మాయి, అట్ట మీద ఏదో గీసుకుంటూ.

మర్నాడు పొద్దున ఇద్దరికీ మొహాలకు పౌడరు కొట్టి భోజనాల హాల్లో కూర్చోబెట్టారు. టైలరుది తొమ్మిదో టేబులు. బావమరిదిది పక్కనే పదోది, అతని ఎదురుగా ఓ లావుపాటాయన కూర్చున్నాడు. తొమ్మిదో టేబుల్ దగ్గర టైలరుకు ఎదురుగా ఒకావిడ. అరవై దాటి ఉంటాయి. తెల్లటి జుట్టు మెడ దగ్గరికి కత్తిరించి ఉంది, భుజాల మీద నీలం శాలువా, వేలికి ఉంగరం లేదు. టైలరు అలవాటు కొద్దీ ముందు శాలువా అంచు చూశాడు. చేత్తో మడిచి కుట్టింది, మంచి పనితనం. ఆ తర్వాతే మొహం చూశాడు.

అసిస్టెంట్ డైరెక్టరమ్మాయి కుర్చీ ఎక్కి నిలబడి అందరికీ చెప్పింది. "ముందు టేబుల్లో హీరోగారు మాట్లాడతారు. మీరంతా వెనకాల మాట్లాడుతున్నట్టు కనపడాలి. గొంతు రాకూడదు. గుసగుస కూడా వద్దు, మైకు పట్టేస్తుంది. ఊరికే పెదాలు కదపండి. ఏమన్నా అనుకోండి, అంకెలైనా పర్లేదు. మొహం మాత్రం సంతోషంగా ఉండాలి."

"యాక్షన్" అన్నారు.

అంతవరకూ చేతులు ఒళ్లో పెట్టుకుని బస్సు కోసం కూర్చున్నట్టున్న ఆవిడ ఒక్కసారిగా మారిపోయింది. ముందుకు వంగింది. కళ్లు వెలిగాయి. టైలరు మొహంలోకి సూటిగా చూస్తూ, నవ్వుతూ, నిదానంగా, ప్రతి అక్షరం విడదీసి ఏదో అంది. మళ్లీ అంది. తర్వాత చెయ్యి చాపి ఆయన మణికట్టు మీద వేసింది.

టైలరుకు నోట మాట రాలేదు. రాకూడదు కూడా, అది వేరే సంగతి. పెదాలైనా కదపాలి కదా? ఆ కంగారులో నలభై అయిదేళ్లుగా రోజూ అంటున్న మాటలే తన్నుకొచ్చాయి. రెండు రోజులు కుస్తీ పట్టిన హీరోగారి కోటు కొలతలు: భుజం పద్దెనిమిది, ఛాతీ నలభై, పొడవు ముప్పై. ఆవిడ కళ్లలోకి చూస్తూ అవే తిరగేసి మరగేసి అన్నాడు.

"కట్" అన్నారు. ఆవిడ చెయ్యి తీసేసుకుంది. సంచిలోంచి కళ్లజోడూ గళ్లనుడికట్టు పుస్తకమూ తీసి, పెన్సిలు కొన కొరుకుతూ అందులో మునిగిపోయింది. ఎదురుగా మనిషి ఉన్నాడన్న స్పృహే ఉన్నట్టు లేదు.

ఆ రోజు పదకొండు టేకులయ్యాయి. హీరోగారు పదకొండుసార్లు మాట తప్పారు. పదకొండుసార్లూ ఆవిడ వెలిగింది, అదే మాట అంది, చెయ్యి వేసింది. పదకొండుసార్లూ ఆరిపోయింది. ఏది నటనో ఏది నిజమో టైలరుకు అంతు చిక్కలేదు. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది, అంతవరకు నిజం. భోజనాల విరామంలో ధైర్యం చేసి, 'ఇందాక మీరు నాతో ఏమన్నారు?' అని అడుగుదామని నోరు తెరిచాడు. తీరా బయటికొచ్చిన మాట, "మీకు కుర్చీ సరిపోయిందాండీ?" అని.

"కుర్చీకేం, బానే ఉంది" అందావిడ. ఆయన్ని ఓసారి ఎగాదిగా చూసి, "ఏడు అక్షరాలు, ఓర్పు అనే అర్థం వచ్చే మాట చెప్పండి" అంది. టైలరుకు ఒక్క అక్షరం కూడా తట్టలేదు.

సాయంత్రం ఇంటికెళ్లే దారిలో టైలరు బావమరిది చెవి దగ్గర నోరు పెట్టి, ఆగి, గుర్తొచ్చి, మొహం ఎదురుగా పెట్టి అడిగాడు.

"ఒరేయ్, పక్క టేబుల్లోనే ఉన్నావు కదా. ఆవిడేమంటోంది?"

"ఎవరు?"

"ఎవరేంట్రా! నా ఎదురుగా ఆవిడ."

"నేను చూళ్లేదు. నా ఎదురుగా ఉన్న లావుపాటాయన పొద్దుట్నుంచీ వాళ్ల తమ్ముణ్ణి బూతులు తిడుతున్నాడు. నవ్వుతూ తిడుతున్నాడు బావా, భలే తిట్లు. కళ్లు తిప్పుకోలేకపోయా."

"రేపు చూడు."

బావమరిది ఆగి బావ మొహంలోకి చూశాడు. ఆ చూపు టైలరుకు ఇబ్బందిగా అనిపించింది. ఎంత కాదన్నా పోయినావిడ తమ్ముడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే పరవాలేదు గానీ, ఈ చెవిటివాడి ముందు పెదవి విరిచినా ప్రమాదమే. "ఊరికే అడిగాలే" అన్నాడు.

"ఊరికే చూస్తాలే" అన్నాడు బావమరిది.

రెండో రోజు మూడు టేకులు అయ్యాక, టీలు తాగుతున్నప్పుడు బావమరిది వచ్చి పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాననుకుని చాలా గట్టిగానే అన్నాడు. "చదివాను. 'లైబ్రరీలో ఉండండి, కలుస్తున్నాను.' అదీ మాట. ప్రతిసారీ అదే."

టైలరు టీ గ్లాసు కింద పెట్టాడు. "సరిగ్గా చూశావా?"

"ముప్పై ఏళ్లు చదివినవాణ్ణి."

"లైబ్రరీ ఎక్కడుంది?"

"పై అంతస్తులో అద్దాల తలుపు గది. పుస్తకాల్లా కనపడేవి ఉత్త వెనక పట్టీలే, లోపల చెక్క. పొద్దున ఒకటి లాగి చూశా."

"ఒరేయ్, నేను వెళ్లాలంటావా?"

బావమరిది టీ గ్లాసు అడుగు చూస్తూ, "ఉండమన్నది నిన్నా నన్నా?" అన్నాడు.

టైలరు వెళ్లాడు. ఎందుకు వెళ్లాడంటే ఆయనకే తెలియదు. ఆవిణ్ణి చూసి ఒకటిన్నర రోజయింది. మాట్లాడింది కుర్చీ గురించీ, ఏడక్షరాల మాట గురించీ. పెళ్లిళ్ల ఊసు ఆయన మనసులో లేదు. కానీ ఒక మనిషి తనకు పద్నాలుగుసార్లు ఒకే మాట చెప్పాక వెళ్లకపోతే మర్యాద కాదనిపించింది. మర్యాదే అయితే మెట్ల మధ్యలో ఆగి అద్దంలో జుట్టు ఎందుకు సర్దుకున్నాడో ఆయన చెప్పలేడు.

లైబ్రరీ గదిలో ఆవిడ లేదు. హీరోగారున్నారు.

డెబ్బై రెండేళ్ల మనిషి, ఒకప్పుడు గుర్రాలెక్కి కొండలు దూకినవాడు, ఇప్పుడు కిటికీ వైపు తిరిగి తనలో తాను గొణుక్కుంటున్నాడు. టైలర్ని చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు, "రావయ్యా, రా! సమయానికొచ్చావు. ఇక్కడ నిలబడు. నువ్వే హీరోయిన్‌వి" అన్నాడు.

"అయ్యా, నేను టైలర్ని."

"తెలుసు, నా పొట్ట విప్పి కుట్టావుగా. నిలబడు. ఈ డైలాగు పట్టుబడ్డం లేదు. మనిషి మొహం ఎదురుగా ఉంటే వస్తుంది."

పెద్దమనిషి అడిగితే కాదనడం ఎలా? టైలరు నిలబడ్డాడు. హీరోగారు ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, "ఈ వయసులో ప్రేమేమిటని నవ్వకండి" అంటూ మోకాలి మీదికి దిగారు. దిగుతూ ఉండగా టైలరు చెవికి చిన్న చప్పుడు వినిపించింది. టప్‌మని ఒకటి. టప్, టప్‌మని రెండు. వీపు కుట్టులో దారాలు తెగుతున్నాయి. పక్క కుట్లు వదులు చేశాడు గానీ వీపు కుట్టు సంగతి ఆయన పట్టించుకోలేదు. హీరోగారు మోకాళ్ల మీద వాలతారని ఎవరు చెప్పారు?

"కదలకండి!" అంటూ టైలరు ఒక్క ఉదుటున వంగి, రెండు చేతులూ హీరోగారి చుట్టూ వేసి, వెనక కోటు రెండు అంచులూ దగ్గరికి లాగి పట్టుకున్నాడు. హీరోగారు అది నటన అనుకున్నారు. ఉత్సాహం వచ్చేసింది. "నవ్వేవాళ్లెవరూ వచ్చి మనకు వంట చేసి పెట్టరు! నాకు మీరు, మీకు నేను! కాదనకండి!" అన్నారు, గొంతు వణికిస్తూ, ఒక్క మాట తప్పకుండా.

అద్దాల తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నీలం శాలువా.

టైలరు కావిలించుకునే ఉన్నాడు. వదిలితే కోటు రెండు ముక్కలవుతుంది. హీరోగారు మోకాళ్ల మీదే ఉన్నారు, లేవడానికి చెయ్యి ఆసరా కావాలి.

"కింద వెనక టేబుళ్లవాళ్లకి షాట్ పెట్టారు" అందావిడ. "తొమ్మిదో టేబులు ఖాళీగా ఉందని ఆ అమ్మాయి జుట్టు పీక్కుంటోంది. మిమ్మల్ని వెతకమని తలో దిక్కుకీ పంపింది. మీరు… తర్వాత వస్తారా?"

"కోటు చిరిగిందండీ!" అన్నాడు టైలరు ఏడుపు గొంతుతో.

కోటు చిరగడమే మేలైంది. షాట్‌కు రాలేదని తిట్టబోయిన అసిస్టెంట్ డైరెక్టరమ్మాయి, చిరుగు చూసి తిట్లు మింగేసి, అరగంటలో కుట్టమని ప్రాధేయపడింది. హీరోగారు చొక్కాతో కిందికి వెళ్లి, డైలాగు వచ్చేసిందని అందరికీ చెప్పుకుంటున్నారు. టైలరు లైబ్రరీ గదిలోనే కోటు ఒళ్లో వేసుకుని సూదిలో దారం ఎక్కించబోయాడు. మూడుసార్లు తప్పింది. ఆవిడ వచ్చి సూదీ దారం తీసుకుని ఎక్కించి ఇచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఇక్కడికెందుకొచ్చారు మీరు?"

పట్టపగలు, మొహం ఎదురుగా, గొంతుతో అడిగిన ప్రశ్న. తప్పించుకునే దారి లేదు. "మీరే కదండీ ఉండమన్నారు" అన్నాడు కుట్టు మీంచి తలెత్తకుండా.

"నేనా?"

"లైబ్రరీలో ఉండండి, కలుస్తున్నాను అని. నిన్నట్నుంచీ."

ఆవిడ నొసలు ముడిపడింది. పెదాలు తమంతట తామే ఏదో అని చూసుకున్నాయి. ఆ వెంటనే ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందేమోనని టైలరు హడలిపోయాడు. ఏడవడం లేదు.

"లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అందావిడ, నవ్వు ఆపుకోలేక. "టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్పై ఒక్కేళ్లు చేశానండీ. బోర్డు ముందు కూర్చుని రోజుకు నాలుగైదొందలసార్లు అదే మాట. ఏమన్నా అనమంటే నా నోటికి ఇంకేం వస్తుంది? నవ్వు మొహంతో అనాలని ట్రైనింగులో నేర్పారు, నవ్వు గొంతులో తెలుస్తుందట. అదీ అలాగే వచ్చేసింది."

టైలరు మొహంలో నెత్తురు చుక్క లేదు. పప్పులో కాలేయడం అందరూ చేసేదే, ఈయన గుండిగలో దూకాడు. సూది గబగబా నడిచింది, వేలికి గుచ్చుకుంది. "మా బావమరిది చదివి చెప్పాడండీ. వాడు… మిల్లులో… పోన్లెండి. చెయ్యి వేసేసరికి నేను కూడా…"

"అది ఆ అమ్మాయి వెయ్యమంది" అందావిడ తొందరగా. శాలువా సర్దుకుని, "మీరు మాత్రం ఏమైనా తక్కువా? నా వయసు అంచనా వేస్తూ కూర్చున్నారు" అంది.

"నేనా?"

"'దాటి నలభై, దాటి నలభై' అంటూ. ఏదో మొహమాటానికి అంటున్నారనుకున్నా. నాకు అరవై మూడు నిండాయి."

టైలరు కుట్టడం ఆపేశాడు. ఇక్కడ నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. నలభై దాటి ఉంటాయన్నాడనే అనుకుంటుంది, సంతోషంగా ఉంటుంది. కానీ కొలత తప్పు చెప్పడం ఆ మనిషి ఒంట్లో లేదు.

"ఛాతీ నలభై అండి" అన్నాడు.

ఆవిడ శాలువా ముందుకి లాక్కుంది.

"ఎవరి ఛాతీ?"

"అయ్యో, హీరోగారిది! ఇదిగో ఈ కోటుదే! భుజం పద్దెనిమిది, పొడవు ముప్పై, కావాలంటే టేపు పెట్టి చూపిస్తా!"

ఆవిడ నవ్వింది. నవ్వింది గానీ, ఆ నవ్వు చివర్లో ఏదో కాస్త తగ్గింది. "సరే, పోనీలెండి. రెండు రోజులు బానే ఉంది" అని లేచి వెళ్లిపోయింది. ఆవిడ నొచ్చుకుందో, సరదాకి అందో టైలరుకు అర్థం కాలేదు. కోటు కుట్టు మాత్రం పక్కాగా వచ్చింది. మళ్లీ పది మంది ముందు మోకాళ్లూనినా ఊడదు.

కోటు పట్టుకుని కిందికి వెళ్లి అసిస్టెంట్ డైరెక్టరమ్మాయికి ఇచ్చాడు. ఇస్తూ, ఏదో ఒక మాట అనాలి కదా అని, "ఆవిణ్ణి నా చెయ్యి పట్టుకోమని చెప్పావటమ్మా. షాట్‌లో బాగా కనపడుతోందా?" అన్నాడు.

ఆ అమ్మాయి అట్టలోంచి తలెత్తింది. "చెయ్యా? నేనేం చెప్పలేదే! నవ్వమన్నాను, అంతే. అసలు మీ టేబులు స్తంభం పక్కనుంది అంకుల్, భుజాల పైనే కనపడతారు."

టైలరు అక్కడే నిలబడిపోయాడు. ఆ రోజు మిగిలిన టేకులన్నిట్లోనూ ఆవిడ చెయ్యి ఒళ్లోనే ఉంది. చివరి టేకులో మాత్రం బల్ల మీదికి వచ్చింది, ఉప్పు సీసా దాకా వచ్చి ఆగింది. దాన్నిబట్టి ఏమనుకోవాలి? ఆయన భుజం పద్దెనిమిది కూడా అనడం మర్చిపోయి ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నానికి భోజనాల హాలు పని ముగిసింది. అందర్నీ వ్యానులో ఎక్కించి ఊళ్లోకి పంపారు. వ్యాను ఇంజను మోత ఇంతా అంతా కాదు. వెనక సీట్లో టైలరు, ఎదురు సీట్లో ఆవిడ, ఆవిడ పక్కన బావమరిది. ఆ మోతలో ఆవిడ బావమరిదితో పెదాలతోనే మాట్లాడటం మొదలుపెట్టింది. అతను కూడా గొంతు లేకుండా బదులు చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ ఏదో అడిగింది, అతను వేళ్లు లెక్కపెట్టి చూపించాడు, ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరగంట ప్రయాణం. టైలరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఈ మూడు రోజులూ తాను ఎదురుచూసిన మాటలు పక్క సీటుకు జరిగిపోయాయా ఏమిటి?

ఆవిడ ఇల్లున్న వీధి మలుపులో వ్యాను ఆగింది. దిగి, కిటికీ దగ్గరికొచ్చి, ఈసారి అందరికీ వినపడేలా అంది: "ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కూరగాయల మార్కెట్టుకి వెళ్తాను. ఈ మలుపులోనే ఉంటా. మీరు రండి."

వ్యాను కదిలింది.

"మీరు అంటే?" అన్నాడు టైలరు.

"మీరు అంటే మీరే" అన్నాడు బావమరిది.

"నన్ను గౌరవించి మీరు అందా, ఇద్దర్నీ కలిపి మీరు అందా?"

బావమరిది ఆలోచించాడు. "నన్ను గౌరవించి కూడా అయ్యుండొచ్చు బావా."

ఆ మాటకు టైలరు దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. పైన గదిలో కాళ్లు కడుక్కున్నాక మొహం ఎదురుగా పెట్టి అడిగాడు. "లైబ్రరీ అని ఎలా చదివావురా? ముప్పై ఏళ్ల విద్య కదా."

బావమరిది తుండుతో మెడ తుడుచుకున్నాడు. "లైబ్రరీలో 'బ' ఉంది. 'బ' అనాలంటే పెదాలు కలవాలి. ఆవిడవి కలవలేదు. 'కలుస్తున్నాను'లో కలవకూడదు, ఆవిడవి కలిశాయి. లైన్లో ఉండండి, కలుపుతున్నాను. మొదటి టేకులోనే తెలిసింది."

"మరి ఎందుకు చెప్పావు అలా?"

"నిన్ను ఆ ఓడ మెట్లెక్కిద్దామని. ఆరేళ్లయింది నువ్వు షాపుకీ గదికీ తప్ప ఎక్కడికైనా వెళ్లి."

"మీ అక్క…"

"మా అక్క ఉంటే చెప్పుతో కొట్టేది. నిన్ను కాదు, నన్ను. ఇంత ఆలస్యం చేసినందుకు." తుండు దండెం మీద వేసి, "లేకపోతే నిజంగానే పొరబడ్డానేమో. ఆవిడ బాగా నవ్వుతుంది బావా, నవ్వే పెదాలు చదవడం కష్టం" అన్నాడు.

ఈ రెంటిలో ఏది నిజమో టైలరు మళ్లీ అడగలేదు. అడిగితే మూడోది చెప్పేవాడు.

ఆదివారం పొద్దున ఇద్దరూ గడ్డాలు గీసుకున్నారు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. బావమరిది చొక్కా ఇస్త్రీ చేసింది టైలరే, కాలరు దగ్గర కాస్త ఎక్కువ శ్రద్ధగానే చేశాడు, ఎందుకో తనకే తెలీకుండా. దారిలో ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. మలుపులో ఆవిడ నిలబడి ఉంది, చేతిలో రెండు సంచులు.

"ఇద్దరూ వచ్చారా!" అందావిడ.

సంతోషించి అందో, నిట్టూర్చి అందో టైలరు తేల్చుకునేలోపు, బావమరిది నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, షాపు తలుపు తాళం వేశానా లేదా!" అన్నాడు.

"వేశావురా, నేను చూశా" అన్నాడు టైలరు.

బావమరిదికి వినపడలేదు. నిజంగానే అటు తిరిగి ఉన్నాడు మరి. వెనక్కి చూడకుండా పెద్ద అంగలేసుకుంటూ వెళ్లిపోయాడు.

"ఏమైంది ఆయనకి?"

"తెలీదండీ" అన్నాడు టైలరు, నిజంగానే తెలియక.

ఆవిడ ఒక సంచి ఆయన చేతికిచ్చింది. మార్కెట్టులో జనం ఎక్కువగా ఉన్నారు. అరుపులు, తడి నేల, తూకపు రాళ్ల చప్పుడు. ఆవిడ ఓ వంకాయల గుట్ట ముందు ఆగి, "మీరు ఏరండి, నేను ఉల్లిపాయలు చూస్తా" అని పక్క కొట్టుకు జరిగింది. టైలరు సంచి పట్టుకుని గుట్ట ముందు నిలబడ్డాడు. నలభై ఏళ్ల కాపురంలో ఒక్కసారి కూడా వంకాయలు ఏరలేదు. అన్నీ ఇంటికే వచ్చేవి, తినేవాడు. ఒకటి తీసి చూశాడు, పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. అన్నీ నిగనిగలాడుతున్నాయి. లేతదేదో ముదురుదేదో, పుచ్చుదేదో పైకి తెలిసే దారే లేదు. అటువైపు చూస్తే, ఆవిడ ఉల్లిపాయల దగ్గర బేరం ఆపి ఇటే చూస్తోంది.

"ఏవండీ" అన్నాడు టైలరు, గొంతు పెంచి, జనంలోంచి. "నాకు ఇవేం అర్థం కావడం లేదు. ఒకసారి వచ్చి చెప్తారా?"

ఆవిడ వచ్చింది. ఆయన చేతిలోంచి వంకాయ తీసుకుని, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చి, "ఇక్కడ నొక్కి చూడండి" అంది. టైలరు నొక్కాడు. మెత్తగానే అనిపించింది, గట్టిగానూ అనిపించింది.

"తెలిసిందా?"

"లేదండీ" అన్నాడు, ఇంకోటి అందుకుంటూ.